గోదాము మీద ఆగిన బంతి

నెబ్రాస్కాలో మా లిండ్‌హోమ్ ఊళ్లో మగవాళ్లు పొద్దున్నే లేచి చేసే మొదటి పని తలెత్తి ఆకాశం చూడటం. భక్తి అనుకునేరు. ధాన్యం గోదాము కొప్పుకు కాస్త పైన, రెండు చివరలా మొనలు తేలిన ఒక తోలు బంతి, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేది, గాలిలో ఆగి ఉంటుంది. దాని మొన దక్షిణానికి తిరిగితే ఎండ, తూర్పుకు తిరిగితే వాన. అది చూసుకున్నాక అందరూ లవోన్ హోటల్లో కాఫీ ముందు కూర్చుని, రేడియో చెప్పిన వాతావరణం తప్పని తేలుస్తారు.

ఆ బంతి కోల్టర్ కుచెరా అనే కుర్రాడు బడిలో చదివే రోజుల్లో విసిరింది. ఒక సాయంత్రం తోడుకి ఎవరూ దొరక్క, తన చేతిలో ఎంత బలముందో చూద్దామని విసిరాడు. పైకి వెళ్లింది, దిగలేదు. గోదాము నడిపే అతని తండ్రి డేల్ బయటికొచ్చి కాసేపు చూశాడు.

"ఎవరికి విసిరావు?"

"ఎవరికీ కాదు నాన్నా."

"అదీ సంగతి. ఎవరిదో వాళ్లొస్తే దిగుతుందిలే. పద, అన్నాలకు వేళైంది."

ఆ తర్వాత ఊరంతా వంతులవారీగా దాని కింద నిలబడి చూసింది. పాస్టర్ రెండు చేతులూ చాచి నిలబడ్డాడు, అది ప్రార్థన అని తర్వాత చెప్పాడు. బ్యాంకు మేనేజరు ఫోన్లో మాట్లాడుతున్నట్టు నిలబడ్డాడు, ఫోను తలకిందులుగా ఉంది. లవోన్ ఏప్రన్ చెంగులు పట్టుకుని నిలబడింది. బంతి ఎవరికీ దిగలేదు. పొలాల మీద మందు చల్లే విమానం నడిపే రస్ దాన్ని చుట్టి పోతాడు. ఎవరి పొలంలో మందు సరిగా పడకపోయినా ఆ బంతినే అంటాడు. అది అడ్డురాని పొలాలకు కూడా అంతే. డేల్ మాత్రం పని మీద రోజూ దాని కిందనుంచే నడుస్తాడు. తలెత్తడు.

కోల్టర్ పెద్దవాడై, మా జిల్లాకు దూరంగా ఉన్న ఒక చిన్న కాలేజీ జట్టుకు క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. బంతి ఎవరి చేతికి పోవాలో రెప్పపాటులో తేల్చేవాడే క్వార్టర్‌బ్యాక్. పెళ్లి సంబంధాలు కుదిర్చేవాడి పనిలాంటిది. కుదిరితే పేరు అందరిదీ, చెడితే తిట్లు వాడొక్కడివి. నాలుగేళ్లు ఆడాడు, బాగా ఆడాడు. చదువు అయిపోవచ్చింది, మిగిలింది ఒక్క వసంతం. ఏప్రిల్లో పెద్ద జట్లన్నీ కూర్చుని మూడు రోజులపాటు కాలేజీ కుర్రాళ్లను ఏరుకుంటాయి. గొడ్ల సంత లాంటిదే, అక్కడ పళ్లు చూస్తారు, ఇక్కడ అరచేయి కొలుస్తారు. ఎవరూ ఏరుకోకపోతే ఏమిటన్నది కూడా అందరికీ తెలుసు. లారీలు తూచే కాటా గదిలో డేల్ అతని కోసం ఒక కుర్చీ వేయించాడు, మెత్తది. ఇంటికొచ్చినప్పుడల్లా కోల్టర్ ఆ గది తప్పించి నడిచేవాడు.

మార్చిలో ఫ్లోరిడా వైపు జట్టు ఒకటి ప్రెస్టన్ అనే మనిషిని పంపింది. కుర్రాడి గురించి సొంత ఊళ్లో ఏమనుకుంటున్నారో కనుక్కోవడం అతని పని. మంచు బురదలో తెల్ల బూట్లతో వచ్చాడు. లవోన్ అతనికి చిల్లీ, అంటే మాంసం, చిక్కుడు గింజలు వేసిన కారప్పులుసు, గిన్నెలో పెట్టి, పక్కన దాల్చినచెక్క రొట్టె పెట్టింది. ఆ రెండూ విడివిడిగా తినే మనుషులు ఉంటారని మాకు తెలియదు. అతను రొట్టె చిల్లీలో ముంచుకుని తిని, "అద్భుతం," అన్నాడు. లవోన్ గిన్నె వెనక్కి లాక్కుని వాసన చూసింది.

ఇక్కడ మా ఊరి మాటతీరు గురించి చెప్పాలి. బాగులేనిదాన్ని మేం బాగులేదనం, "వేరేగా ఉంది" అంటాం. లవోన్ మరదలు జెల్లీలో క్యారెట్లు వేసి తెచ్చినప్పుడు అందరం వేరేగా ఉందనే అన్నాం. ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు. బాగున్నదాన్ని "పర్వాలేదు" అంటాం. ఆ పైన మాట లేదు. హెన్రీ సోడర్ ఎద్దు రాష్ట్ర ప్రదర్శనలో మొదటి బహుమతి తెచ్చుకున్నప్పుడు, అది పర్వాలేదని హెన్రీ తానే అన్నాడు. సొంత ఎద్దు గురించి అంత మాటా అని చాలాకాలం చెప్పుకున్నారు.

ప్రెస్టన్ ముందుగా బడిలో కోల్టర్‌కు ఆట నేర్పిన కోచ్ వెర్నన్‌ను అడిగాడు.

"కుర్రాడి చేయి ఎలాంటిది?"

వెర్నన్ కాఫీ కప్పు కింద పెట్టాడు. ఇన్నేళ్లలో ఏ కుర్రాడి గురించీ అనని మాట అనబోతున్నానని అతనికి తెలుసు. మెడ దాకా ఎర్రబడ్డాడు.

"పర్వాలేదు."

పక్క బల్ల మీద హెన్రీ చెంచా జారవిడిచాడు.

"బుర్ర?"

"అదీ పర్వాలేదు."

ప్రెస్టన్ పాస్టర్‌ను అడిగాడు, రస్‌ను అడిగాడు, లవోన్‌ను అడిగాడు. కోల్టర్‌ను ఊరంతా ఒక్క గొంతుతో ఆకాశానికెత్తేసింది. చివరికి గోదాముకెళ్లి డేల్‌నే అడిగాడు. డేల్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, "మా వాడు కాబట్టి నేననకూడదు. కానీ పర్వాలేదండీ," అన్నాడు. ప్రెస్టన్ కారెక్కి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం లవోన్ అందరికీ ఆపిల్ ముక్కలు కూరిన తీపి రొట్టె పెట్టింది.

ఏప్రిల్లో ఆ మూడు రోజులూ ఊరంతా ఫైర్ స్టేషన్ హాల్లో టీవీ ముందు కూర్చుంది. కోల్టర్ ఫోను బల్ల మధ్యలో ఉంది. మొదటి రోజు మోగుతుందని ఎవరూ అనుకోలేదు. రెండో రోజు మోగింది, వాళ్ల అత్తయ్య, మోగిందా అని అడగడానికి. మూడో రోజు టీవీలో పేర్లన్నీ అయిపోయాయి. హెన్రీ లేచి కుర్చీలు మడవడం మొదలుపెట్టాడు, కొందరు ఇంకా వాటిలో ఉండగానే.

తర్వాత వెర్నన్‌కు ఎవరో చెప్పారు. సొంత తండ్రే పర్వాలేదన్న కుర్రాణ్ని మనమెందుకు తీసుకోవాలి అన్నాడట ప్రెస్టన్.

ఊరు బాధపడింది. లవోన్ బాధపడి ఊరుకునే మనిషి కాదు. మధ్యాహ్నం హోటల్ తలుపు మూసి, మగవాళ్లందరినీ వరసగా కూర్చోబెట్టింది.

"ఇంకొకడెవడైనా వచ్చి అడిగితే ఏమంటారు? వెర్నన్, నువ్వు చెప్పు. అద్భుతం."

"అద్భు..." వెర్నన్‌కు పొలమారింది.

"నీళ్లు తాగి అను."

"ఊళ్లో అందరి ముందూనా?"

"పెళ్లిలో నన్ను ముద్దుపెట్టుకోమన్నప్పుడు మా ఆయన కూడా అదే అన్నాడు. చివరికి పెట్టుకున్నాడు కదా. అను."

రస్ ఒక్కడే అనగలిగాడు. కానీ రస్ ఏం చెప్పినా ఎవరూ నమ్మరు.

మే చివర్లో కోల్టర్ కాటా గదిలో కుర్చీలో కూర్చున్నాడు. మధ్యాహ్నం డేల్ తొంగిచూశాడు.

"ఎలా ఉంది కుర్చీ?"

"వేరేగా ఉంది నాన్నా."

డేల్ తల ఊపి బయటికి నడిచాడు. ఆ రోజు మొదటిసారి బంతి కింద ఆగి, తలెత్తి చూశాడు. బంతి కదల్లేదు.

మరుసటి వారం ఒక దుమ్ముకొట్టుకుపోయిన పికప్ వచ్చి గోదాము పక్కన ఆగింది. అందులోంచి మార్లా హ్రిష్కో దిగింది. కెనడాలో, సస్కాచెవాన్ గోధుమ పొలాల మధ్య ఉన్న ఒక జట్టుకు ఆటగాళ్లను వెతికే మనిషి. దక్షిణాన టెక్సస్ దాకా పోయి ఎవరూ నచ్చక, తిరిగి వెళ్తూ కాఫీ కోసం ఆగింది. దిగి, నడుం నొప్పికి రెండు చేతులూ పైకెత్తి ఒళ్లు విరుచుకుంది. బంతి దిగి ఆ చేతుల్లో కూర్చుంది.

ఆవిడ దాన్ని నొక్కి చూసింది. గాలి తగ్గలేదు. చంకలో పెట్టుకుని హోటల్లోకి వచ్చింది.

"ఇది ఎవరిదండీ?"

"ఓ, దిగిందా," అన్నాడు హెన్రీ. "ఇక వాన సంగతి ఎవరినడగాలి?"

"మా కోల్టర్ విసిరాడమ్మా," అంది లవోన్. "కూర్చో అమ్మాయ్, చిల్లీ తిందువు గాని." గిన్నె పక్కన రొట్టె పెట్టింది. మార్లా అది ముంచుకుని తిని, ఏమీ అనలేదు. రెండోసారి పెట్టించుకుంది.

"ఎప్పుడు విసిరాడు?"

"బడిలో ఉండగా."

మార్లా కిటికీలోంచి గోదాము ఎత్తు చూసింది, బంతి చూసింది.

"ఇప్పుడు ఎలా ఆడతాడు?"

హోటల్ అంతా వెర్నన్ వైపు తిరిగింది. లవోన్ కాఫీ కూజా పట్టుకుని పెదవులతో ఆ మాట అందించింది. వెర్నన్ నీళ్లు తాగాడు, ఊపిరి పీల్చుకున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి తల దించుకుని అనేశాడు.

"పర్వాలేదు."

లవోన్ కళ్లు మూసుకుంది.

మార్లా చెంచా గిన్నెలో వదిలేసింది.

"అంత బాగానా?" అంది. "ఎక్కడున్నాడు?"

సస్కాచెవాన్‌లో మైదానం ఇక్కడి దానికన్నా పెద్దదట, చలి కూడా ఎక్కువేనట. మార్లా జట్టుకు ఆడిన మొదటి ఆట అయ్యాక కోల్టర్ తండ్రికి ఫోను చేశాడు. డేల్ హోటల్‌కి వచ్చి, రోజూ కూర్చునే కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉన్నాడు.

"ఎలా ఉందట అక్కడ?" అని అడిగింది లవోన్.

"పర్వాలేదట."

డేల్ ముక్కు చీదుకున్నాడు, కాటా దగ్గరికి లారీ వచ్చిందనుకున్నారు కొందరు.

"చూశారా," అన్నాడు వెర్నన్. "ఊరు దాటగానే గొప్పలు చెప్పుకోవడం మొదలుపెట్టాడు."