లోవమ్మ గడ్డిపరక

లోవమ్మ మొదటి మొగుణ్ణి వదిలించుకోవడానికి ఒక గడ్డిపరక సరిపోయింది. కులపెద్దల ముందు కూచుని, చెరో కొస పట్టుకుని తెంచారు. అంతే. అతని దారిన అతను, ఆవిడ దారిన ఆవిడ. ఎవరూ ఎవరినీ శపించలేదు. పైగా వెళ్తూ వెళ్తూ అతను చేపల తట్టని ఆవిడ నెత్తికెత్తి మరీ వెళ్లాడు.

అందుకే, కొడుకుల్ని మతాల్లోంచి ఇంటికి తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు ఆవిడకు మొదట తోచింది గడ్డిపరకే.

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట ఉంది వాళ్ల పల్లె. రాజమహేంద్రవరం దిగువన ఆనకట్ట కట్టాక డెల్టా అంతా పచ్చబడిందని చెప్పుకునేవారు గానీ, ఆ పచ్చదనం ఇంత దూరం నడిచి రాలేకపోయింది. ఇక్కడి దాకా వచ్చినవి గాలివానలూ, మతాలూను. గాలివాన రెండో మొగుణ్ణి పట్టుకుపోయి, ఒక పడవనూ ఇద్దరు కొడుకులనూ మిగిల్చింది.

పెద్దవాడు పల్లంరాజు ఒక సాయిబుగారి సరుకు ఓడలో బర్మా దేశపు రంగం వెళ్లాడు. దారిలో విషజ్వరం తగిలితే, ఆ సాయిబు అతని వాంతులు స్వయంగా ఎత్తిపోశాడు, కులం అడగకుండా. జ్వరం దిగేసరికి పల్లంరాజు కరీం అయ్యాడు. చిన్నవాడు లోవరాజుని పాదిరి దొర తన బడిలో బల్ల మీద కూచోమన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతనికి కూచోమని బల్ల చూపించిన మనిషి మరొకడు లేడు. కూచున్నవాడు యోహాను అయి లేచాడు.

లోవమ్మ ఇందులో ఎవరినీ తప్పు పట్టలేదు. మంచి చేసినవాడి మాట వినకపోతే ఎలాగ?

చిక్కు పడవ దగ్గర వచ్చింది. నీళ్లలోకి తోసే ముందు ఇంటివాళ్లంతా గంగమ్మ పేరు చెప్పి పడవ ముక్కుకి పసుపు రాయాలి. ఒకే కుండలో గంజి తాగాలి. అది ఆనవాయితీ.

"పసుపు రాస్తే నాకు పాపం," అన్నాడు పెద్దవాడు. "వాడితో ఒక కుండలో తాగడం మరీ పాపం."

"అన్నయ్య పోయేది నరకానికే. తెలిసి తెలిసీ పక్కన కూచోలేను," అన్నాడు చిన్నవాడు.

వలకి రెండు కొసలు, లాగడానికి ఇద్దరు కావాలి. కొడుకులు మతం మారారని కులం వాళ్లు లోవమ్మను వెలివేశారు గనక వేరే మనిషి రాడు. పడవ ఒడ్డున ఎండి, పలకలు విచ్చుకోవడం మొదలుపెట్టింది. ఈ ఎండ ఇలాగే కాస్తే అది పొయ్యిలోకి తప్ప పనికిరాదని ఆవిడకు తెలుసు.

పరక కొంగున ముడివేసుకుని ముందు ముల్లాగారి దగ్గరికి వెళ్లింది. ఆయన మర్యాదస్తుడు. చాప వేయించి, మజ్జిగ ఇప్పించాడు.

"మావోణ్ణి మీరు బాగానే చూశారండి. ఇప్పుడు ఇంట్లో అవసరం పడిందండి. ఈ కొస పట్టుకుంటే తెంచేసుకుందారి."

ఆయన నవ్వలేదు. "ఇది పెళ్లి కాదమ్మా. ఇందులోకి రావడమే గాని పోవడం లేదు."

"పోతే ఏంటండి?"

"తల తీయమని మా పెద్దలు రాశారు. ఇప్పుడు రాణీగారి ప్రభుత్వం వచ్చింది. ఏం చేస్తాం," అని నిట్టూర్చాడు.

ఆ నిట్టూర్పు ఎందుకో అడగడం మంచిది కాదని లోవమ్మ అడగలేదు.

"మరి మా పడవ అయినా ఎక్కొచ్చాండి?"

"కూలికైతే ఎవరి పడవైనా ఎక్కొచ్చు. నేను కోమటి కొట్లో బియ్యం కొనడం లేదూ? ఇంటివాడిగా ఎక్కి పసుపు రాస్తేనే తప్పు."

తరవాత పాదిరి దొర దగ్గరికి వెళ్లి పరక చూపించి, ముల్లాగారి మాటా చెప్పింది. దొర తెలుగును పుస్తకంలోంచి నేర్చుకున్నాడు.

"మేము ఎవరి తలయు తీయము," అన్నాడు ఎంతో ప్రేమగా. "అతడు మమ్మును విడిచిన యెడల అగ్నిలో కాలును."

"ఎన్నాళ్లండి?"

"నిత్యము."

లోవమ్మ మనసులోనే బేరీజు వేసి చూసుకుంది. ముల్లాగారిది ఒక్క వేటుతో తెమిలిపోయేలా ఉంది. దొరగారిదే మరీ దీర్ఘం.

"పడవ మీద కూలికైనా పంపుతారాండి?"

"కూలిపని దోషము కాదు. మా వంటవాడును హిందువే కదా."

చివరికి కులపెద్ద అచ్చిబాబు. వరసకు మామ.

"ఆళ్లు ఒదలరంట మావా. మనవే పిలుచుకుందారి. పరక తెంచి, తప్పేదో కట్టి."

"పరక పెళ్లాలకే. తిరిగి చేర్చుకునే ఆచారం మనకి లేదు. ఎక్కడెక్కడో తినొచ్చారు."

"మరి ఆళ్లు పోతంటే అంత గోల సేశారేంటి మావా?"

"పోతే కులానికి నష్టం కాదేంటి?"

"వస్తే?"

"వస్తే ఇంకా నష్టం."

లోవమ్మ ఇంటికొచ్చేసరికి అరుగు మీద ఈ చివర ఒకడూ ఆ చివర ఒకడూ కూచుని ఉన్నారు. ఇద్దరి మొహాల్లోనూ ఒకటే దయ.

"అమ్మా, నువ్వు మాలోకొచ్చెయ్. నీ మంచికే," అన్నాడు పెద్దవాడు.

"అందులోకెళ్తే నువ్వు నాకు దక్కవు. మాలోకి రా," అన్నాడు చిన్నవాడు.

"నేను రాకపోతే?"

ఇద్దరూ నేల చూశారు. తల్లి విషయంలోనైనా అన్నదమ్ములకు ఒక మాట కుదిరింది.

లోవమ్మ కొంగు ముడి విప్పింది. "ఆ కొస నువ్వు పట్టుకో. ఈ కొస నువ్వు."

ఎవరి మతంలోకి వస్తుందో చీటీలాంటిది వేస్తోంది కాబోలనుకుని ఇద్దరూ ఆశగా పట్టుకున్నారు. ఆవిడ మధ్యలో పట్టుకుని, అటు ఒకసారి, ఇటు ఒకసారి తెంచింది.

"అయిపోయింది. నేను మీకు తల్లిని కాదు. మీరు అన్నదమ్ములు కాదు. తెల్లారి నా పడవకి కూలోళ్లు కావాలి. ఏ మతమోళ్లయినా సరే. గంజి ఎవరిది ఆళ్లే తెచ్చుకోవాలి."

ఇద్దరూ చేతిలో మిగిలిన పరక ముక్కల వంక చూసుకున్నారు.

"కూలికైతే తప్పులేదు," అన్నాడు పెద్దవాడు.

"మా దొరా అదే అన్నారు," అన్నాడు చిన్నవాడు.

తెల్లారి ఇద్దరూ చెరో ముంత పట్టుకుని వచ్చారు. లోవమ్మ ఒక్కతే పసుపు రాసింది. వాళ్లు దూరంగా నిలబడి, ఆవిడ రాయడం అయ్యాక పడవను తోశారు. వల మాత్రం తండ్రి నేర్పినట్టే, ఒక ఊపున లాగారు. ముల్లాగారు తమవాడి కష్టాన్ని మెచ్చుకున్నాడని, దొర తమవాడి వినయాన్ని మెచ్చుకున్నాడని తరవాత తెలిసింది. అచ్చిబాబు కూడా తప్పు పట్టలేదు. కూలివాళ్లకి కులం ఏంటి?

ఒడ్డున లోవమ్మ చేపల్ని మూడు కుప్పలు పోసింది. పెద్దవాడి అరచెయ్యి తాడు ఒరుసుకుని నెత్తురు కారుతోంది. అది చూసి, పడవకి రాయగా మిగిలిన పసుపు చేతిలోకి తీసుకుని అతని చెయ్యి పట్టుకోబోయింది.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వద్దండి," అన్నాడు.

మాట మర్యాదగానే ఉంది. కూలివాడు యజమానురాలితో అలాగే మాట్లాడాలి. చెరో కుప్పా బుట్టకెత్తుకుని, ఒకడు అటూ ఒకడు ఇటూ వెళ్లిపోయారు.

లోవమ్మ పడవ నీడన కూచుని, అలవాటు చొప్పున ముగ్గురికి కాచిన గంజి కుండ ముందుకు లాక్కుంది.