మంట పుడితే మందు పట్టినట్టే

కుర్చీ కోసం కొట్టుకునేవాళ్ళను చూస్తే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు నాకే ఒక కుర్చీ కావలసివచ్చింది. పదవీ కాదు, పెత్తనమూ కాదు. వెనక్కి ఆనుకోవడానికి వీలున్న, చక్రాల మామూలు కుర్చీ. మా కంటి ఆసుపత్రిలో ముందు కౌంటరు వెనకాల ఉంటుంది. అందులో కూర్చునే అమ్మాయి మానేసి రెండు వారాలైంది. అప్పటినుంచి అటు వెళ్ళినప్పుడల్లా దాన్ని చూస్తూనే ఉన్నాను.

నా పని చుక్కలు వేయడం. హాల్లో బెంచీల మీద వరసగా కూర్చున్నవాళ్ళ కళ్ళలో మందు చుక్కలు వేసుకుంటూ పోవాలి. వరస చివరికి చేరేసరికి మొదట్లో ఉన్నవాళ్ళకు రెండో విడత వేళవుతుంది. కనుపాపలు బాగా విచ్చుకునేదాకా మూడు విడతలు. పదకొండేళ్ళుగా ఇదే నడక, ఇదే వంగడం. మోకాళ్ళు మెట్ల దగ్గర నన్ను తిడుతుంటాయి. నెలనెలా వచ్చే ఒక దర్జీ పెద్దాయన నాకు చుక్కలమ్మ అని పేరు పెట్టాడు. "పట్టపగలే చుక్కలు చూపిస్తుంది, జాగ్రత్త" అని పక్కవాళ్ళకు పరిచయం చేస్తాడు. ఎవరైనా మంటగా ఉందంటే నా దగ్గర ఒకటే జవాబు: "మంట పుడితే మందు పట్టినట్టేనండీ. ఓర్చుకోండి." అది నా సొంత మాట కాదు, మా అమ్మది.

కౌంటరు పని నాకిమ్మని మేనేజరును అడిగాను. ఆయన నా మొహం చూడలేదు, మొహం పైన ఉన్నదాన్ని చూశాడు.

"చూడమ్మా, పనిలో నీకు వంక పెట్టలేం. కానీ ముందు కౌంటరంటే ఆసుపత్రికి మొహం లాంటిది. ఆ జుట్టును కాస్త దారికి తెచ్చుకో. సోమవారం చూద్దాం."

దారికి తెచ్చుకోవడానికి అది తప్పిపోయిన గొర్రె కాదు. అమ్మ నుంచి నాకొచ్చిన రింగుల జుట్టు. దువ్వెనలు విరుగుతాయి, క్లిప్పులు ఎగిరిపోతాయి, వాన వస్తుందని వార్తల్లో చెప్పకముందే నా తల చెప్పేస్తుంది. అయినా "పర్లేదు సార్" అని వచ్చేశాను. నేను ఎవరికైనా చెప్పేది అదే.

బజార్లో జుట్టు సాఫీ చేసే క్రీము డబ్బా కొన్నాను. అట్టపెట్టె మీద ఒకమ్మాయి, జలపాతంలా జుట్టు, మోకాళ్ళ నొప్పి అంటే ఏంటో తెలియని నవ్వు. లోపల డబ్బా, అందులో కలపాల్సిన సీసా, చెక్క పుల్ల, పల్చటి చేతితొడుగులు, చివర్లో వాడే గులాబీరంగు షాంపూ, ఒక కాగితం. కాగితంలో అక్షరాలు మా ఆసుపత్రి చార్టులో చివరి వరసంత ఉన్నాయి. ఆ వరస చదవగలిగినవాళ్ళు మా దగ్గరికి రారు. నేను బొమ్మలు చూసి సరిపెట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం పని మొదలుపెట్టాను. అంతకుముందు అమ్మ తలస్నానం చేసి రమ్మంది.

"మురికి తల మీద ఏ మందు పడుతుందే? గోడకి రంగేసేముందు కూడా గీకి కడుగుతారు."

నిజమే అనిపించింది. గోళ్ళతో బరబరా రుద్ది, రెండుసార్లు తలంటుకుని, ఆరబెట్టుకుని వచ్చాను. మా ఇంట్లో ఏ ముఖ్యమైన పనికైనా ముందు తల శుభ్రంగా ఉండాలి.

స్నానాల గది గుమ్మంలో అమ్మ పీట వేసుకుని కూర్చుంది. ఒళ్ళో గోడ గడియారం. మేకు నుంచి దించి తెచ్చుకుంది, చేతిగడియారం ముల్లు ఆనదట. ఆమె చేతులు వణుకుతాయి కాబట్టి క్రీము ముట్టుకోనివ్వలేదు. జుట్టు నాలుగు పాయలు చేసి క్లిప్పులు పెట్టాను. నుదుటి అంచునా చెవుల మీదా వాజలీను రాశాను. తొడుగులు వేసుకుని, ముందు మెడవైపు నుంచి మొదలుపెట్టాను. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. వెనకభాగం అద్దంలో కనిపించదు. వేళ్ళతో తడుముకుంటూ, పాయ తర్వాత పాయ, పుల్లతో పూసి వేళ్ళతో సాగదీయాలి. చేతులు ఎత్తి ఎత్తి భుజాలు లాగేశాయి. లోకంలో అందరి కళ్ళూ నాకు కనిపిస్తాయి, నా తల వెనకభాగం మాత్రం నాకు కనిపించదు.

"అయిందా? టైము చూస్తున్నా. పదిహేను నిమిషాలు" అంది అమ్మ.

నాలుగో నిమిషంలో దురద. ఏడో నిమిషంలో వేడి.

"ఎలా ఉందే?"

"మండుతోంది."

"అయితే పట్టింది."

ఇద్దరం నవ్వుకున్నాం. చిన్నప్పుడు మోకాలు గీరుకుపోతే అమ్మ టింక్చరు రాసి ఇదే మాట అనేది. మొదట్లో ఇల్లెగిరిపోయేలా ఏడ్చేదాన్నట. తర్వాత మానేశాను. "మా పిల్ల కిక్కురుమనదు" అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. అంత గొప్పగా ఆమె నా గురించి ఇంకేదీ చెప్పుకున్నట్టు గుర్తులేదు.

పదో నిమిషంలో చుక్కలు కనిపించాయి. ఇన్నేళ్ళూ ఊరందరికీ చూపించినవి. కుడి చెవి వెనక ఎవరో నిప్పు కణిక పెట్టి ఊదుతున్నట్టుంది. పంపు పట్టుకుని నిలబడ్డాను. కుర్చీ గురించి ఆలోచించాను. ఇంకో ఐదు నిమిషాలు ఓర్చుకుంటే ఇక జీవితమంతా కూర్చోవచ్చు అనుకున్నాను. కళ్ళ నుంచి నీళ్ళు వాటంతటవే కారిపోతున్నాయి.

"ఏమే, ఏడుస్తున్నావా?" అమ్మ గడియారం పక్కన పెట్టి లేచింది. నా తల వంచి చూసింది. "అయ్యో, ఇక్కడ తోలు ఊడొస్తోందే! నీళ్ళు పోసుకో! ముందు నీళ్ళు!"

ఆ వణికే చేతులతోనే చెంబు తర్వాత చెంబు పోసింది. తర్వాత గులాబీరంగు షాంపూ. నురగ గులాబీరంగు పోయి తెల్లగా వచ్చేదాకా కడగాలని బొమ్మలో ఉంది. నాలుగుసార్లకు తెల్లబడింది. తుడిచి దువ్వబోతే చెవి వెనక నుంచి ఒక పాయ, మొత్తంగా, దువ్వెనతో పాటు వచ్చేసింది. అమ్మ దాన్ని నాకు చూపించకుండా చెంగులో దాచుకుంది. అద్దంలో నేను చూడనే చూశాను.

అమ్మ కళ్ళజోడు తెచ్చుకుని, కిటికీ దగ్గర నిలబడి ఆ కాగితం కూడబలుక్కుని చదివింది. పెట్టే ముందు రెండు రోజులు తలంటుకోకూడదట. గోళ్ళు తగలకూడదట. మంట మొదలైన క్షణంలోనే కడిగేయాలట.

నాకు కోపం వచ్చింది. అమ్మ మీద, మేనేజరు మీద, పెట్టె మీది అమ్మాయి మీద. కానీ ఒక్కరినీ తిట్టే ఓపిక లేదు. తడితలతో గడపలోనే కూలబడ్డాను. అమ్మ నా వెనకాల చేరి, కాలినచోట మెల్లగా ఊదడం మొదలుపెట్టింది.

"ఇన్నేళ్ళొచ్చాయి, ఇంకా నా మాట వింటే ఎలాగే?" అంది.

"నువ్వేగా చెప్పేదానివి, మంట పుడితే మందు పట్టినట్టేనని."

ఊదడం ఆగింది.

"నీ ఏడుపు వినలేక అనేదాన్నే తల్లీ. మందుకీ మంటకీ ఏం సంబంధమో నాకేం తెలుసు? ఏదో ఒకటి అంటే ఊరుకుంటావని అన్నాను. నువ్వు మరీ పూర్తిగా ఊరుకున్నావు."

ఆమె మళ్ళీ ఊదసాగింది. అప్పుడు ఏడ్చాను, గట్టిగా, చిన్నపిల్లలా. అమ్మ ఊరుకోమనలేదు.

సోమవారం నా జుట్టు కర్రల్లా తిన్నగా దిగి, కాలినచోటును కప్పేసింది. హాల్లో అందరూ బాగుందన్నారు. మేనేజరైతే రెండడుగులు వెనక్కి వేసి మరీ చూశాడు.

"భలే ఉందమ్మా! ఇప్పుడు మనిషిలా ఉన్నావు. కాకపోతే ఇంకో మూడు నెలలు ఆగాలి. చుక్కలేసే మనిషి దొరకాలి కదా. నీకు ఓర్పు ఎక్కువ."

పర్లేదు సార్, అని నాలుక చివరిదాకా వచ్చింది. చెవి వెనక చురుక్కుమంది.

"నా వల్ల కాదు సార్."

"ఏంటి?"

"మోకాళ్ళు నొప్పి సార్. చాలా ఏళ్ళుగా. ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నా."

ఆయన నోరు తెరిచాడు. ఈలోగా కౌంటరు మీద ఫోను మోగింది. అక్కడ ఎవరూ లేరు కాబట్టి ఆయనే పరిగెత్తాడు, నిలబడే మాట్లాడుతున్నాడు. నేను ఆయన వెనకనుంచి ఆ కుర్చీని లాగి, హాల్లోకి దొర్లించుకొచ్చి, కూర్చున్నాను. కూర్చునే ఒకరి కళ్ళలో చుక్కలు వేసి, కాలితో నేలను తన్ని పక్కవాళ్ళ దగ్గరికి జరిగాను. చక్రాలు కీచుమన్నాయి. మేనేజరు ఫోను చెవిన పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

వరస చివర దర్జీ పెద్దాయన ఉన్నాడు. తల వెనక్కి వాల్చి, కుర్చీ చప్పుడు విని నవ్వాడు.

"చుక్కలమ్మకి రథం వచ్చిందే!"

చుక్క వేశాను. కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో మోకాళ్ళు పట్టుకున్నాడు. ఎప్పుడూ అలాగే పట్టుకుంటాడు. ఇవాళ ఎదురుగా కూర్చున్నాను కాబట్టి ఆ వేళ్ళు తెల్లబడడం కనిపించింది.

"మంటగా ఉందమ్మా. పట్టినట్టేగా?"

"కాదండీ. అది నేను ఊరికే అనేదాన్ని. మరీ మండితే చెప్పండి, డాక్టరుగారిని అడిగి మందు మారుద్దాం."

పెద్దాయన మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"అయితే చాలా మండుతోందమ్మా" అన్నాడు. "మొదటిసారి నుంచీ అంతే."

ఆయన చేతిలో దూది పెట్టి, సీసా పట్టుకుని డాక్టరుగారి గదివైపు కుర్చీని దొర్లించుకుంటూ వెళ్ళాను.