ఎడమ మోకాలి తడి

పొద్దున ఆరున్నరకల్లా వెర్నా స్ట్యూక్స్ నేలమాళిగలో దీపాలు వేసి, ముందు కాఫీ పెట్టుకుంటుంది. తర్వాతే బుట్టల జోలికి పోతుంది. పోర్ట్ హార్లన్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బట్టలు ఉతకడం పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని. ఒక్కో ఆటగాడికి నంబరు కుట్టిన పట్టీ ఒకటి ఉంటుంది. మేజోళ్ళు, బనియన్లు, ప్యాంట్లు అన్నీ దానికే గుచ్చి బుట్టలో పడేస్తారు. పట్టీతోనే ఉతికి, పట్టీతోనే ఆరబెట్టి ఎవరి కొక్కేనికి వాళ్ళది తగిలించాలి.

మూలనున్న పెద్ద డ్రైయరులోంచి తీసిన బట్ట ఎక్కడైనా తడిగా ఉందంటే, ఏడాది తిరక్కుండా ఆ మనిషికి అక్కడే దెబ్బ. భుజమైతే భుజం, మడమైతే మడమ. తడి పది నిమిషాలుండి ఆరిపోతుంది, మళ్ళీ ఉతికినా రాదు. రిపేరుకు వచ్చేవాళ్ళు కూడా ఆ ఒక్కదాన్నీ వదిలేసి మిగతా వాటికి నూనె వేసి పోతారు.

మార్చి వచ్చిందంటే బుట్టలు సగం ఖాళీ. నెల మధ్యలో ఒక బుధవారం సాయంత్రం నాలుగింటికి గడువు తీరినవాళ్ళ ఒప్పందాలు ముగుస్తాయి. ఆ తర్వాత ఎవరు ఎవరినైనా ఎగరేసుకుపోవచ్చు. ఉంచుకునేది ఎవరిని, వదిలేది ఎవరిని అన్నది ఆలోగా మూడో అంతస్తులో మేనేజరు లైల్ పెన్‌రోజ్ తేల్చేస్తాడు. అందుకే కసరత్తుకు వచ్చినవాళ్ళు చెమట బట్టలు సంచిలో కుక్కుకుని ఇంటికి పట్టుకుపోతారు. పక్కవాడి సంచి మీద మాత్రం ఓ కన్నేసి ఉంచుతారు.

థాడ్ మజూర్ ఒక్కడే దాచలేదు. బంతి విసిరేవాడి ముందు గోడలా నిలబడే భారీ మనుషుల్లో అతనొకడు. ముప్పై ఒకటి నిండాయి. అతని భయమంతా ఆపరేషను చేయించుకున్న భుజం గురించే. ఆ భుజం ఆరి వస్తే చాలు, దాచడానికి ఏముందనుకున్నాడు. ఈ వయసులో తడి మాట పొక్కి జట్టు వదిలేస్తే, దేశంలో ఇంకెవరూ ముట్టుకోరని అతనికీ తెలుసు.

శుక్రవారం వెర్నా అతని బట్టలు తీసింది. భుజం పొడిగా ఉంది. ఎడమ మోకాలి దగ్గర చెయ్యి ఆగింది.

ఫోను మోగనే మోగింది. మజూర్ బట్టల సంగతి చెప్పమని పైకి రమ్మన్నారు. పెన్‌రోజ్ గదిలో గోడ నిండా పేర్లు రాసిన అయస్కాంతం బిళ్ళలు. మజూర్ బిళ్ళ ఉంచే వరసలోనూ లేదు, వదిలే వరసలోనూ లేదు, మధ్యలో ఉంది.

“ఎడమ మోకాలు. అరచేతంత,” అంది వెర్నా.

పెన్‌రోజ్ లిఫ్టు కోసం చూడకుండా మెట్లు దిగి పరిగెత్తాడు. అప్పటికే బట్ట ఆరిపోయింది. వాసన చూశాడు, చెంపకు ఆనించుకున్నాడు. ఏమీ తెలియలేదు. యంత్రం అబద్ధం చెప్పదని అందరికీ తెలుసు. మనిషి సంగతే తెలియదు.

“ఎవరు చెప్పమన్నారు, వెర్నా?”

“ఎవరో ఎందుకు చెప్పమంటారు సార్?”

“పుట్టినరోజుకి వాళ్ళావిడ నీకు కేకు పంపిస్తుంది. అలాంటివాడి మీద ఇంత తేలిగ్గా ఎలా చెప్పావు?”

“తేలిగ్గా చెప్పానని మీరెలా అనుకున్నారు?”

ఆ మాటే అతన్ని పురుగులా తొలిచింది. అంతకుముందు సోమవారం మజూర్ ఏజెంటు నేలమాళిగలో తిరగడం కెమెరాలో కనబడింది. దారి తప్పాడని, లిఫ్టు చూపించానని వెర్నా చెప్పింది కూడా. సరస్సు అవతలి జట్టుకు మజూర్ మీద కన్నుంది. డాక్టరు తీసిన ఫోటోల్లో మోకాలు శుభ్రంగా ఉంది. పెన్‌రోజ్ రెండు రోజులు లెక్కలు కట్టాడు. ఇష్టమైనవాడి మోకాలు తడి అని ఆమె చెప్పిందంటే, వాణ్ణి ఇక్కణ్ణించి తప్పించి ఆ జట్టుకు చేర్చడానికే అని తేల్చుకున్నాడు. మంగళవారం మధ్యాహ్నం మజూర్ బిళ్ళను ఉంచే వరసలోకి జరిపాడు. ఆడినా ఆడకపోయినా జీతం ఆగదన్న షరతుతో రెండేళ్ళకు సంతకాలయ్యాయి.

పైఅంతస్తు మాట కిందికి దిగడానికి ఎంతసేపు! తన మోకాలి గురించి వెర్నా ఏం చెప్పిందో విన్న మజూర్ ఆ రోజు నుంచి ఆమెను పలకరించడం మానేశాడు. బట్టలు ఇంటికే. కేకూ ఆగిపోయింది.

మే నెల సాధనలో ఎవరూ తాకకుండానే మజూర్ పచ్చిక మీద కూలబడ్డాడు. ఎడమ మోకాలు. ఆపరేషనూ, ఆ తర్వాత కాలు నిలదొక్కుకునే దాకా చూడటమూ అన్నీ జట్టే చేయించింది. ఒప్పందం అలాంటిది మరి. పెన్‌రోజ్ ఒకసారి కిందికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నెపం వేయడానికి ఎవరూ దొరక్క వెళ్ళిపోయాడు.

నవంబరులో ఒక మధ్యాహ్నం, మొదటిసారి పరుగు తీసి, మజూర్ తన పట్టీ తెచ్చి బుట్టలో వేశాడు. ఉతికి ఆరేదాకా స్టూలు మీదే కూర్చున్నాడు.

“మిస్ వెర్నా, ఆ రోజు మీరు ఉన్నదే చెప్పారుగా?”

“ఉన్నదే.”

“మరి వాళ్ళు నన్నెందుకు ఉంచుకున్నారు?”

“నా మాట నమ్మలేదు, నాయనా.”

అతను నవ్వబోయి ఆగిపోయాడు. డ్రైయరు ఆగింది. ఆమె ప్యాంటు తీసి రెండు మోకాళ్ళూ తడిమి, “పొడిగానే ఉంది,” అంది.

నమ్మాలో వద్దో తేలక అతను ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత చెయ్యి చాచి తనే తడిమాడు. వెచ్చగా, పొడిగా ఉంది. ఇంకోసారి తడిమాడు.