పది రూపాయల బిళ్ళలు

పొద్దున పిల్ల పాలు తాగకుండా మొహం తిప్పుకున్నప్పుడే శివపార్వతికి గుండెల్లో రాయి పడింది. ఎండ నడినెత్తికొచ్చేసరికి భవ్య ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఏడాది నిండని పిల్ల. ఏడిచే ఓపిక కూడా లేక, తల్లి భుజం మీద మూలుగుతూ పడుంది.

గూట్లో ఉన్న జ్వరం మందు సీసా తీసి వెలుగుకు ఎత్తి చూసింది. అడుగున జిగురు తప్ప చుక్క లేదు. తడిగుడ్డ పిండి నుదుటి మీద వేస్తే చిటికెలో వేడెక్కింది. మళ్ళీ తడిపింది. మళ్ళీ వేడెక్కింది.

మొగుడు కోటేష్ మిర్చి లోడు వేసుకుని నాగపూర్ వైపు వెళ్ళాడు. ఫోను చేస్తే, మీరు పిలుస్తున్న నంబరు స్విచ్చాఫ్ చేయబడి ఉందని ఒక ఆడగొంతు చెబుతోంది. పొద్దుట్నుంచి శివపార్వతితో మాట్లాడింది ఆ గొంతొక్కటే. పక్క వాటాలో ఉండే మాబూబీ తెల్లారకముందే మిరపకోతలకు వెళ్ళిపోయింది. ఆమేంటి, ఊరు ఊరంతా చేలల్లోనే ఉంది. కాయ పండిన రోజుల్లో ఈ ఊళ్ళో మధ్యాహ్నం పూట తాళాలు తప్ప మనుషులు కనబడరు. శివపార్వతి ఈ ఊరొచ్చి అయిదు నెలలైనా, ఇప్పటికీ ఆ తాళాలే ఆమెకు బాగా తెలుసు.

కోటేష్ ఇచ్చివెళ్ళిన అయిదొందల నోటు నిన్న గ్యాసు బండకే పోయింది, తక్కువైంది మాబూబీ వేసింది. ఇంట్లో మిగిలిన డబ్బంటే పాలపొడి డబ్బాలో ఉన్న పది రూపాయల బిళ్ళలే.

అవి ఉన్నాయి అనుకోవాలో లేవు అనుకోవాలో ఆమెకు తెలియదు. కోటేష్ లోడుకెళ్ళి వచ్చిన ప్రతిసారీ చొక్కా జేబు ఆమె ఒళ్ళో దులిపేవాడు. ఆ పక్క దాబాల్లో చిల్లర ఇవే ఇస్తారట. "అక్కడ రాజాల్లాగా తిరుగుతాయే. మన పొలిమేర దాటొచ్చాయా, ఇంక ఎవుడూ ముట్టుకోడు" అని నవ్వేవాడు. నిజంగానే ఎవరూ ముట్టుకోరు. చెల్తాయని ప్రభుత్వం చెప్పింది, బ్యాంకు గోడకు కాగితం కూడా అంటించారు. కానీ ఎప్పుడో ఎవరో చెల్లవన్నారు, అంతే, ఆ మాట ఈ నేలలో పాతుకుపోయింది.

డబ్బా బోర్లించి బిళ్ళలు కొంగున ముడివేసుకుంది. పిల్ల నెత్తిన తడి తువ్వాలు కప్పి బయల్దేరింది.

దారికి రెండు పక్కలా కల్లాలు. ఎర్రగా ఆరబోసిన కాయ మీద ఎండ పడి ఘాటు లేస్తోంది. భవ్య దగ్గింది. శివపార్వతి తడి తువ్వాలు అంచు పిల్ల ముక్కుకు అడ్డం పెట్టి అడుగులు వేగంగా వేసింది. నడుస్తుంటే ముడిలో బిళ్ళలు ఆమె మోకాలికి తగిలి చప్పుడు చేశాయి.

ఒంగోలు అవతల ఆమె పుట్టిన ఊళ్ళో, ఆమె చిన్నప్పుడు, రూపాయికి పుల్లైసు వచ్చేది. పావలా చూస్తుండగానే పోయింది. అర్ధ రూపాయిని తీసుకోవడం మానేశారు. రూపాయి ఉన్నా దానికి వచ్చే వస్తువు లేకుండా పోయింది. అప్పట్లో కొట్లో చిల్లర లేకపోతే "రేపిద్దువుగానిలే" అనేవాళ్ళు. ఆ రూపాయి ఇవ్వడానికి మర్నాడు వెళితే మీ అమ్మ ఎలా ఉంది, బర్రె ఈనిందా అని పది మాటలు నడిచేవి. తర్వాత చిల్లర బదులు చాక్లెట్ చేతిలో పెట్టారు. ఇప్పుడు చాక్లెట్టూ లేదు. ఫోను చూపిస్తారు, కొట్లో పెట్టిన డబ్బా ఇన్ని రూపాయలు వచ్చాయని అరుస్తుంది, వచ్చినవాడు తలెత్తకుండా వెళ్ళిపోతాడు.

సెంటర్లో మందుల షాపు తెరిచే ఉంది. గల్లాపెట్టె దగ్గర పిచ్చయ్య, బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతూ ఫోను చూసుకుంటున్న కుర్రాడు యలమంద. ఇద్దరే.

"బాబాయ్, పిల్లకు జ్వరం మందివ్వండి. ఇదిగో, ఇదే" అని ఖాళీ సీసా చూపించింది.

పిచ్చయ్య అలాంటిదే కొత్త సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "అరవై."

ఆమె కొంగు ముడి విప్పింది. ఆయన బిళ్ళలు చూడగానే సీసా మీద చెయ్యి వేశాడు.

"ఇయ్యి చెల్లవమ్మా."

"చెల్తాయంట బాబాయ్. బ్యాంకు దగ్గర రాశారు."

"అయితే బ్యాంకులోనే ఇచ్చి మందు తెచ్చుకో."

యలమంద పకపకా నవ్వాడు. "అక్కా, ఎక్కడియ్యి ఇన్ని? ఏ దేవుడి హుండీ పగలగొట్టావు?"

"ఒరేయ్, నువ్వు నోర్ముయ్" అన్నాడు పిచ్చయ్య, కానీ ఆయన మీసాల కింద కూడా నవ్వుంది. "నేను తీసుకుంటాను సరే, నా దగ్గర ఎవుడు తీసుకుంటాడమ్మా? ఫోన్‌పే కొట్టు."

"నాది బటన్ల ఫోను. మా ఆయన ఫోను కలవట్లేదు." యలమంద వైపు తిరిగింది. "తమ్ముడూ, ఇయ్యి తీసుకుని నోటివ్వు. లేపోతే నువ్వు కొట్టు, మా ఆయన రాగానే ఇస్తా."

"నా జేబులో కాగితం చూసి ఎన్నాళ్ళయిందో అక్కా" అన్నాడు వాడు. రెండో మాట విననట్టే మళ్ళీ ఫోనులో తల దూర్చాడు.

"పోనీ అరువు రాసుకోండి బాబాయ్. గౌస్ బాషా గారింట్లో అద్దెకుంటాం. లారీ కోటేష్ మా ఆయన."

"అమ్మాయ్, గౌస్ బాషా నాకు తెలుసు. నువ్వు నాకు తెలవదు. ఇవాళ ఉంటారు, రేపు సామాను లారీలో ఎక్కించుకుని పోతారు. అట్టా పోయినోళ్ళు నాకు బోలెడుమంది ఉన్నారు."

నిజమే, తను ఆయనకు తెలియదు. ఆయనకే కాదు, నువ్వెవరివంటే ఈ ఊళ్ళో ఎవరిని చూపించాలి? ఉన్న ఒక్క మాబూబీ ఏ చేలో వంగి కాయ కోస్తోందో. శివపార్వతి బిళ్ళలు మళ్ళీ ముడివేసుకోబోయింది. అప్పుడే భుజం మీద మూలుగు ఆగిపోయింది. భవ్య తల పక్కకు వాలింది. కళ్ళు సగం మూసి, సగం తెరిచి.

"భవ్యా! అమ్మా! ఇటు చూడు!"

చెంప తట్టింది. పిల్ల పెదవులు కదిలాయి, అంతే.

తర్వాత తను చేసింది తనే చేసిందంటే ఆమెకు ఇప్పటికీ నమ్మకం లేదు. కొంగులో ఉన్న బిళ్ళలన్నీ ఒక్కసారిగా బల్ల మీద గుమ్మరించింది. అవి దొర్లి కొన్ని పిచ్చయ్య ఒళ్ళో, కొన్ని నేల మీద పడ్డాయి. ఆయన వాటిని పట్టుకోబోతే సీసా మీంచి చెయ్యి లేచింది. ఆమె సీసా లాక్కుంది.

"ఏయ్! ఏయ్, అమ్మాయ్!"

"చెల్లేదాకా నీ దగ్గరే పెట్టుకో! నా పిల్ల ఆగదు!"

"మీరు" అనడం కూడా మర్చిపోయింది. వెనక యలమంద "వార్నీ!" అనడం వినబడింది. షాపు పక్క నీడలోనే కూలబడి, సీసా మూత పళ్ళతో తిప్పి, పోయినసారి డాక్టరు చెప్పినంత కొలిచి పిల్ల నోట్లో పోసింది. సగం చెంప మీదకు కారితే వేలితో తుడిచి మళ్ళీ నోట్లో పెట్టింది. చేదు తగిలిందేమో, భవ్య కెవ్వుమంది. ఆ కేకకు శివపార్వతి ప్రాణం లేచొచ్చింది. పిల్లను ఎత్తుకుని ఇంటిదారి పట్టింది.

పొద్దు వాలేవేళకు పిల్ల మెడ కింద చెమట పట్టింది. నుదురు చల్లబడింది. రొమ్ము అందిస్తే తాగింది.

అప్పుడు పట్టుకుంది ఆమెకు భయం. పిచ్చయ్య వస్తాడు. నలుగురిని వెంటేసుకుని వస్తాడు. గౌస్ బాషా గారిని పిలిచి, ఇలాంటోళ్ళనా అద్దెకు పెట్టుకున్నావు అంటాడు. రానీ. దొంగతనం కాదు, డబ్బులిచ్చే తెచ్చా, అరవైకి ఎక్కువే ఇచ్చా, మిగిలింది తిరిగివ్వమంటా. గట్టిగా అంటా. మాటలు కూడబలుక్కుని, జుట్టు ముడేసుకుని, గుమ్మంలో కూర్చుంది.

ఒక బండి చప్పుడయింది. లేచి నిలబడింది. అది పాలబండి, ఆగకుండా పోయింది. కోతల ఆటో వచ్చింది. మాబూబీ దిగి, కళ్ళు మండుతున్నాయని మొహం చేత్తో కప్పుకుంటూ, "తిన్నావా పార్వతీ?" అని జవాబు వినకుండానే లోపలికి పోయి తలుపేసుకుంది. దీపాలు పెట్టారు. వీధిలో ఎవరింట్లోనో టీవీ మోగుతోంది.

పిచ్చయ్య రాలేదు. ఎవరూ రాలేదు. తిట్టడానికైనా ఒక మనిషి తన గుమ్మం వెతుక్కుంటూ వస్తాడని తను సాయంత్రమంతా కూర్చుందని శివపార్వతికి అప్పుడు తెలిసింది.

పిల్ల లేచి కూర్చుని తల్లి మొహంలోకి చూస్తోంది. ఆమె పిల్లను ఒళ్ళోకి లాక్కుని, లేని మీసం దువ్వి, గొంతు బొంగురు చేసింది.

"ఏమ్మాయ్, నా సీసా లాక్కుపోతావా?" అంది. వెంటనే తన గొంతులో, "లాక్కోక? నువ్వివ్వకపోతివి గదా!" అంది.

భవ్య రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వింది.

"ఊఁ, దానికేమంటాడు చెప్పు?" అని అడిగింది శివపార్వతి పిల్లను. ఆమె మళ్ళీ మీసం దువ్వింది.