జ్వరం పెట్టె

ఇప్పుడు మా క్రీములకు పరీక్షలన్నీ బయట ల్యాబు చేస్తోంది. "వాసన: మార్పు లేదు" అని కాగితం వస్తుంది. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి ముక్కు చూసిందట?

పిన్ని, అత్తయ్య కలిసి వెనక గదిలో చేతులకు రాసుకునే క్రీము చేసే రోజులు ఎంత బాగుండేవో! అత్తయ్య మా మేనమామ భార్య, పిన్నికి వదిన. కలిపేది పిన్ని, అమ్మేది అత్తయ్య, లేబుళ్ళు అంటించేది నేను. ప్రతి బ్యాచి నుంచి ఒక సీసా ఫ్రిజ్‌లో, ఒకటి కిటికీలో ఎండకి, ఇంకొకటి లోపల బల్బు వెలుగుతుండే చెక్కపెట్టెలో పెట్టేవాళ్ళం. ఆ వేడికి నూనె పాడయ్యేదైతే ముందే బయటపడేది. దాన్ని జ్వరం పెట్టె అనేవాళ్ళం. అందులోంచి తీసిన సీసా రంగు, వాసన, నీరు విడిందా లేదా రాసి పిన్ని సంతకం పెడితేగాని సరుకు గుమ్మం దాటేది కాదు.

ఒకసారి నిజం జ్వరమే వచ్చి తగ్గాక పిన్నికి వాసన తెలియడం పోయింది. నాకొక్కదానికే చెప్పింది.

"మీ అత్తయ్యకి తెలిస్తే నన్ను మూలన కూర్చోబెట్టి మూతలు బిగించమంటుందే. కలపకుండా నేనుండలేను," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అప్పట్నుంచి నేను వాసన చూసి చెబితే తను రాసేది. అలా నెట్టుకొస్తుంటే, సరిగ్గా సరుకు వెళ్ళాల్సిన రోజే నాకు జలుబు పట్టుకుంది. మామూలు జలుబా! బయట ఆటో హారన్ కొడుతోంది.

"రాసెయ్ పిన్నీ, ఎప్పుడూ బాగానే ఉంటుందిగా," అన్నాను.

పిన్ని పెన్ను తీసింది. రాయకుండానే కింద పెట్టేసింది.

"వదినా, ఒకసారి ఇలా రా. నాకు వాసన తెలియడం లేదు. ఆ జ్వరం వచ్చినప్పటి నుంచీ."

ఇక అయిపోయిందనుకున్నాను. అత్తయ్య నోటికి వీధంతా హడలిపోయేది మరి. ఆవిడ మాత్రం సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఛీ! పాత నూనె కంపు."

వెళ్ళి ఆటోని పంపేసింది. తిరిగొచ్చి దులిపేసింది. "నా దగ్గర దాస్తావా? నేనేమన్నా పరాయిదాన్నా?"

పిన్ని ఏప్రాన్ ముడి విప్పబోయింది.

"ఎక్కడికి? చేతులు బాగానే ఉన్నాయిగా! మళ్ళీ కలుపు. వాసన సంగతి నేను చూస్తా."

కొత్త బ్యాచి సీసా జ్వరం పెట్టెలోంచి బయటికొచ్చిన రోజు అత్తయ్య వాసన చూసి "బాగుంది" అంది. పిన్ని రాయలేదు.

"బాగుందంటే, ఎలా ఉంది వదినా?" బతిమాలుతున్నట్టుంది గొంతు.

మాటలు వెతుక్కోవడం అత్తయ్యకి అలవాటు లేదు. మళ్ళీ వాసన చూసింది. నావైపు చూసింది.

"ఇది చంటిపిల్లగా ఉన్నప్పుడు స్నానం చేయించి, తుడిచి నీ ఒళ్ళో పెట్టేవాళ్ళం చూడు. అప్పుడు దీని మెడ దగ్గర వచ్చేదే, అలా ఉంది."

పిన్ని నన్ను దగ్గరికి లాక్కుని, నా మెడ దగ్గర ముక్కు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చింది.

"ఆఁ, గుర్తొచ్చింది," అంది.

నాకు ఏడుపు ఆగలేదు.