కొట్లో చచ్చిన ఎలుక

బట్టల కొట్టు తెరిచిననాడు షావుకారు చేతిలో ఉన్నవి అరువు సరుకు, తియ్యటి నోరు, పొద్దస్తమానం నిలబడగల రెండు కాళ్లు. సరుకుకు వడ్డీ ఉంది, మాటకు శ్రమ ఉంది, కాళ్లకు మాత్రం ఏ ఖర్చూ లేదని లెక్క వేసుకున్నాడు. వర్తకుడు కూర్చుంటే బేరం కూడా కూర్చుండిపోతుందని అతని నమ్మకం.

ఏళ్లు గడిచేసరికి సాయంత్రాలు చీలమండలు వాచేవి. వాటి పైన చర్మం నల్లబడి దురద పెట్టేది. ఒకనాడు గోకినచోట చిన్న పుండు లేచింది. కొట్టు నిండా గుడ్డ ఉండగా కట్టు కొనడమేమిటని, మెత్తటి మల్లుగుడ్డ చించి, పౌడరు చల్లి, పుండు మీద మాత్రం బిగించాడు. అది మానలేదు సరికదా, అరచేయంత అయింది. నీరు కారింది. వాసన మొదలైంది. భార్యకు కూడా చూపించకుండా, ప్యాంటు కిందికి లాక్కుని అత్తరు పూసుకున్నాడు.

"ఎలుక చచ్చినట్టుందండీ," అంది ఎప్పుడూ వచ్చే టీచరమ్మ, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నోరు అలవాటైన దారినే పోయింది.

"అంతా మా బావమరిది చలవేనమ్మా! తిన్న పొట్లాలు తానుల వెనక పడేస్తే ఎలుకలు రాక ఏనుగులొస్తాయా?"

కొట్లో అతనికి కుడిభుజమైన బావమరిది తెల్లబోయాడు. "నేనెప్పుడు పడేశాను బావా? నా తిండి మీద అక్క కన్ను చాలదా, నీదీ పడాలా?" అని నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. తానులన్నీ దింపి దులిపాడు, బీరువాలు జరిపాడు. దొరకదని తెలిసిన షావుకారు గల్లాపెట్టె వెనక నిలబడి, "ఆ మూల చూడు, ఈ మూల చూడు" అంటూనే ఉన్నాడు.

ముందురోజు కొని ఉంచిన గుడ్డలు పట్టుకెళ్లడానికి మర్నాడు టీచరమ్మ వచ్చేసరికి, బావమరిది టార్చి పట్టుకుని గల్లా బల్ల కిందికి దూరి ఉన్నాడు. షావుకారు కాళ్ల దగ్గర వెలుతురు కదలకుండా ఆగిపోయింది. తడిసి అంటుకుపోయిన ప్యాంటు అంచు మీదే ఉంది.

"దొరికిందా?" అని అడిగింది టీచరమ్మ.

"దొరికిందమ్మా," అన్నాడు బావమరిది. ఖాళీ కాగితాన్నే పొట్లంలా చుట్టి, దూరంగా పట్టుకుని, ముక్కు మూసుకుని బయటికెళ్లి పారేసొచ్చాడు. బావ మొహం చూడలేదు. తన పరువును కాపాడింది ఆ ఉత్త పొట్లమేనని తెలిసి షావుకారు సిగ్గుతో చితికిపోయాడు.

షట్టరు దించగానే బావమరిది అన్నాడు: "పద, ఆస్పత్రికి. అక్కకి నువ్వే చెప్పుకో."

పాదానికి రక్తం సరిగా దిగుతోందని డాక్టరు తేల్చాక, నర్సు పుండు కడిగింది.

"పుండు పైన కనిపిస్తోంది గానీ జబ్బు సిరల్లో ఉందండీ. కిందికి దిగిన రక్తం పైకెక్కలేక నిలవ పడుతోంది. ఇన్ని బట్టలమ్ముతారు, సాగే గుడ్డకీ సాగని గుడ్డకీ తేడా తెలీదా?" అంటూ కాలివేళ్ల మొదలు నుంచి మోకాలి కిందిదాకా సాగే గుడ్డతో ఒత్తుకట్టు కట్టింది. "పౌడర్లు వద్దు. నిలబడటం మానండి, నడవండి. కూర్చుంటే కాలు ఎత్తు మీద పెట్టండి. మానాక కూడా బిగువు మేజోళ్లు వదిలారో, మళ్లీ లేస్తుంది."

మానడానికి నెలలు పట్టింది. కొట్లోకి కుర్చీ వచ్చింది, కాలు చాపుకోవడానికి పీటా వచ్చింది. అడిగినవాళ్లకు "బెణికింది" అని చెప్పేవాడు. బావమరిది పని మానలేదు గానీ పరాచికాలు మానేశాడు.

ఒకరోజు టీచరమ్మ, "ఏం బాబూ, మళ్లీ ఎలుకల్ని మేపుతున్నావా?" అని బావమరిదిని ఆటపట్టించింది. అతను తలొంచుకుని గుడ్డ మడతపెడుతున్నాడు.

షావుకారు ప్యాంటు మోకాలిదాకా లాగి, మేజోడు కిందికి దించి, మచ్చ చూపించాడు. "ఆ ఎలుక ఇదేనమ్మా. నా కాలి పుండు. నింద వాడి మీద వేసింది నేను."

టీచరమ్మ చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టి, మళ్లీ వస్తానని వెళ్లిపోయింది.

"బంగారంలాంటి బేరం చెడగొట్టావు బావా," అన్నాడు బావమరిది. చేతిలోని గుడ్డ వదిలి తలెత్తాడు.

షావుకారు లోలోపల లెక్క చూసుకున్నాడు. కాలు మిగిలింది. పోయిన బేరం వస్తుందో రాదో. సిగ్గు పూర్తిగా తీరలేదు, తీరేదీ కాదు. అయినా ఆ పూట బావమరిది కళ్లలోకి చూడగలిగాడు. వచ్చిన లాభం అంతే.