అర నిమిషం మెచ్చుకోలు

అయినా అర నిమిషం ఏమంత ఎక్కువ, పళ్లు తోముకునేంత సేపైనా కాదే, ఆ మాత్రం సేపు కన్నకూతుర్ని మెచ్చుకోలేని తల్లి ఉంటుందా అని ఇన్నాళ్లూ ఎదుటివాళ్లకి చెబుతూ వచ్చింది కదా, తీరా తను మైకు ముందు కూర్చునేసరికి నాలుక ఇలా పిడచగట్టుకుపోయిందేమిటి అనుకుంటోంది ఆమె.

ఆమె చదివింది చరిత్ర. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లల మెదడు గురించి వెనకటి వైద్యులు ఏమన్నారో, ఇప్పటి యంత్రాలు ఏమంటున్నాయో పక్కపక్కన పెట్టి చూడమని ఫెలోషిప్ ఇచ్చారు. వెనకటివాళ్లు ఆ వయసును జ్వరమన్నారు, పిచ్చికి పొలిమేర అన్నారు. అవి చదివి నవ్వుకుంటూ హాయిగానే గడిపింది. చిక్కంతా యంత్రం వైపు పనితోనే. పిల్లను స్కానర్‌లో పడుకోబెట్టి, ముందే రికార్డు చేసిన తల్లి గొంతు వినిపిస్తారు. ముందు అర నిమిషం తిట్లు, తర్వాత అర నిమిషం మెప్పు. అప్పుడు మెదడులో ఎక్కడ రక్తం ఎక్కువ పారుతుందో చూస్తారు. బయటి పిల్లల్ని పిలిచేముందు ల్యాబ్‌లో వాళ్లు తమ సొంత పిల్లలతో ఒకసారి నడిపి చూసుకోవడం అక్కడి ఆనవాయితీ. ఈసారి వంతు ఆమెది. వచ్చే వారం ఫెలోషిప్ ఇచ్చిన పెద్దలు వస్తారు. ఈ నమూనా స్కాను చూశాకే రెండో ఏడాది ఉందో లేదో చెబుతారు.

కూతురు ఒక్క మాటతో ఒప్పుకుంది. నాకు బుర్రే లేదంటావుగా, ఫొటో తీసి నీ చేతికిస్తారట, పద అంది.

తిట్ల ముక్క ఒక్క ఊపులో వచ్చేసింది. మంచం మీద తడి తువ్వాలు, పిలిస్తే పలక్కపోవడం, ఫోను, మూసి ఉన్న తలుపు. అద్దం అవతలనుంచి ఆపరేటర్ చెయ్యి ఊపినా ఆమెకు కనబడలేదు. చివరికి అతనే తలుపు తీసి, టైము అయిపోయింది మేడమ్, ఇంకా సరుకు చాలానే ఉన్నట్టుంది అన్నాడు.

ఇక మెప్పు. బాగా చదువుతావు అనబోయింది, మొన్న మార్కుల గొడవ గుర్తొచ్చింది. ముద్దుగా ఉంటావు అందామంటే జుట్టు కత్తిరించుకొచ్చిన రోజు తను అన్న మాటలు అడ్డొచ్చాయి. ఏ మాట ఎత్తుకున్నా తోకలా ఒక ‘కానీ’ వచ్చి అతుక్కుంటోంది. గోడమీద నమూనా కాగితం ఉంది. మాటలు తోచని తల్లుల కోసం తనే రాసింది. ఉన్నదున్నట్టు చదవకూడదని అడుగున రాసింది కూడా తనే. ఒకసారి తలుపు వైపు చూసి, ఉన్నదున్నట్టు చదివేసింది.

ఇప్పుడు కిటికీలోంచి చూస్తే యంత్రం నోట్లోంచి బయటికున్న రెండు పాదాలే కనిపిస్తున్నాయి. ఒక మేజోడు నీలం, ఒకటి బూడిదరంగు. తిట్లు మొదలయ్యాయి. పాదాలు కదల్లేదు. వేలైనా ఆడలేదు. దున్నపోతు మీద వాన అని తను రోజూ అనే మాటే. వాన రోజూ కురిస్తే దున్నపోతు మాత్రం ఏం చేస్తుంది, కళ్లు మూసుకుని నిలబడుతుంది.

మెప్పు మొదలైంది. బొటనవేళ్లు ముడుచుకున్నాయి. మడమలు అదిరాయి. తెరమీద బొమ్మ అలుక్కుపోయింది. ఏడుస్తోందేమోనని ఆమె కుర్చీలోంచి లేచింది. ఆపరేటర్ యంత్రం ఆపి, ఏమైంది పాపా అని స్పీకర్లో అడిగాడు.

“ఆ రెండో ఆవిడ ఎవరండీ? బాధ్యతగా ఉంటావట, ఇంటిపనుల్లో సాయం చేస్తావట. ఆవిడనొకసారి మా ఇంటికి పంపండి.”

నవ్వి నవ్వి దగ్గొచ్చింది పిల్లకి. ఆపరేటర్ తల తిప్పుకుని నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది, నవ్వుతూనే మొహం కందిపోయింది. తర్వాత కూతురు గొంతు తగ్గించి అంది.

“అమ్మా, అక్కడే ఉన్నావా? మెచ్చుకోడానికి ఏమీ దొరక్కపోతే పోనీలే. మళ్లీ అదే పెట్టెయ్. ఈసారి నవ్వను, కదలను. నీ స్కాను చెడిపోకూడదు కదా.”

ఆపరేటర్ కూడా అదే అన్నాడు. వచ్చేవాళ్లకి బొమ్మ కావాలి గానీ మాటలు ఎవరు వింటారు, పాప కదలనంటోందిగా, ఇంకోసారి నడిపిస్తే మీ రెండో ఏడాది ఖాయం అన్నాడు. నిజమే. మీట నొక్కితే చాలు. అచ్చమైన బొమ్మ వస్తుంది. తల్లి మెచ్చుకుంటే పిల్ల మెదడు ఇలా ఉంటుందని దాని కింద తన పేరు పడుతుంది. లోపల పడుకున్న పిల్ల మాత్రం పరాయి మాటలు వింటూ, తల్లి పరువు కోసం ఊపిరి బిగబట్టి ఉంటుంది.

తిట్లకు అలవాటుపడ్డట్టే దీనికీ అలవాటుపడిపోతుంది కాబోలు. అసలు ఎప్పటినుంచి తనని ఇలా కాచుకొస్తోందో. పిచ్చికి పొలిమేర అన్నవాళ్లెవరూ పిల్లల పక్కన కూర్చుని ఉండరు. తనూ కూర్చోలేదు.

మీట మీద ఉన్న ఆపరేటర్ చేతికి తన చెయ్యి అడ్డం పెట్టింది. కాసేపు ఆగు బాబూ, పాపనీ ఆగమని చెప్పు అంది. మళ్లీ మైకు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఏం చెప్పాలో ఇంకా తోచలేదు. ఎర్రదీపం వెలిగించి, “ఇందాక నువ్వు నా కోసం కదలనన్నావు చూడు” అని మొదలుపెట్టింది.